మూత నేనే తీశాను

మూత పెట్టి ఉన్న వస్తువు ఏదైనా సరే, తీసి లోపల ఏముందో చూడనిదే మా బాబాయికి తిన్నది అరగదు. మన ఇంటి గిన్నె కానీ, పక్కింటివాళ్ళ డబ్బా కానీ, ఆయనకు తన పర భేదం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. వెనక మూత తీస్తే తప్ప గడియారం జబ్బు తెలియదు కాబట్టి, లోకంలో సమస్తానికీ అదే వైద్యమని ఆయన నమ్మకం. ఎవరైనా కసిరితే ఒకటే జవాబు: "చూసి పెట్టేస్తాను, అంతే!"

ఒకసారి ఒళ్ళు వెచ్చబడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేలోపు బల్ల మీదున్న నాలుగు స్టీలు డబ్బాలూ తెరుచుకున్నాయి.

"ఏం పెద్దాయనా, ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు డాక్టరుగారూ, దూది ఉందో లేదో చూశాను. సరిపడా ఉంది. మీరేం కంగారుపడకండి."

ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరి వంట చెడినా దర్యాప్తు అవసరం ఉండేది కాదు. దొంగ తనే వచ్చి లొంగిపోయేవాడు. నేను పదో తరగతిలో ఉండగా పిన్ని దగ్గర నేర్చుకుని మొదటిసారి కేకు చేశాను. సరిగ్గా నడిమధ్యన గుంట పడింది. అందరూ నా వైపు తిరిగేలోపే బాబాయి తల గోక్కుంటూ, "మూత నేనే తీశానురా. ఆవిరి పోయింది" అన్నాడు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. చుట్టాలొచ్చిన రోజు పిన్ని సూపు ఇగిరిపోయినా, వాళ్ళ కొడుకు, మా అన్నయ్య, వండిన అన్నం అడుగంటినా, శిక్ష పడింది ఈయనకే. మూతల బాబాయి అని పేరు పెట్టాం. ఆ పేరుతో పిలిస్తే ఎంచక్కా పలికేవాడు.

అలాంటి ఇంట్లోకి అన్నయ్య వేడిగాలితో వండే ఎయిర్ ఫ్రయ్యర్ కొనుక్కొచ్చాడు. పైన మూత లేదు, ముందువైపు సొరుగు మాత్రమే ఉంది. పీడా వదిలిందనుకున్నాం. బాబాయి రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. మూడో రోజు పిడి పట్టుకుని సొరుగు బయటికి లాగి, "ఇదీ మూతేనే! పక్కకు పెట్టారు, అంతే" అని పిన్నికి ప్రకటించాడు. సొరుగు లాగితే ఆ యంత్రం ఠక్కున ఆగిపోతుంది. ఏడు నిమిషాల్లో కావలసినవి మా ఇంట్లో అరగంట పట్టేవి.

ఇప్పుడు మా వదిన సంగతి చెప్పాలి. వదిన అంటే బాబాయి కోడలు. ఆవిడ పనిచేసే బేకరీ మూతపడి ఐదు నెలలైంది. ఆ ఐదు నెలలూ ఊరికే కూర్చోకుండా బుల్లి పిజ్జాలు చేయడం నేర్చింది. గాజు గ్లాసు అంచుతో పిండిని గుండ్రంగా కోసి, దాని మీద టమాటా సాసు పూసి, ఉల్లి, క్యాప్సికం, మొక్కజొన్న గింజలు చల్లి, చీజు తురిమి, ఎయిర్ ఫ్రయ్యర్‌లో పెట్టేది. ఒక్కొక్కటీ రెండు కొరుకుల్లో అయిపోతుంది. మా వీధి చివర ఆసుపత్రి ఉంది. అక్కడి క్యాంటీన్ చూసే మేడమ్ ఎవరి ద్వారానో విని, ఆదివారం నాలుగింటికి ఇంటికొచ్చి రుచి చూస్తానంది. నచ్చితే సాయంత్రం చిరుతిళ్ళ పని వదినది. నచ్చకపోతే ఇంకో మనిషి వరసలో సిద్ధంగా ఉంది. మేడమ్ మహా కచ్చితమైన మనిషని, ఒకసారి కాదంటే మళ్ళీ ఆ గుమ్మం తొక్కదని చెప్పుకునేవారు.

ఆదివారం మూడుంపావుకు వదిన కింది వాటాలో ఉన్న నా దగ్గరికి పరుగున వచ్చింది.

"నీకు పుణ్యముంటుంది, మామయ్యగారిని కాసేపు బయటికి తీసుకెళ్ళు. ఇప్పటికే సాసు సీసా మూత మూడుసార్లు తీశారు. ఇవాళ ఏదైనా తేడా వస్తే నా పని అంతే."

"ఏమని తీసుకెళ్ళను?"

"మొక్కజొన్న గింజలు చాల్లేదను."

వంటగదిలో గిన్నెడు గింజలున్నాయి. అయినా బాబాయి మారు మాట్లాడకుండా చెప్పులేసుకున్నాడు. కొట్లో ఐసు పెట్టె మూత తీశాడు. పక్కన బిస్కెట్ల జాడీ మూత తీశాడు. కొట్టతను కసురుకుంటే, "మీ జాడీకి మరలు అరిగాయండీ, చీమలు పడతాయి" అని హెచ్చరించాడు. నేను గడియారం చూసుకుంటూ, ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

"ఏరా, నన్ను ఇంట్లోంచి పంపించేసింది కదూ అమ్మాయి?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఛ, అదేం లేదు బాబాయ్."

"మంచి పని చేసిందిలే. ఇవాళ దానికి పరీక్ష."

నాలుగుకి పది నిమిషాలుండగా మెట్లెక్కాం. రెండో అంతస్తు దగ్గరే మాడు వాసన తగిలింది. బాబాయి అరవై ఏడేళ్ళ మోకాళ్ళతో రెండేసి మెట్లు ఎక్కాడు.

వంటగది నిండా పొగ. పిన్ని పేపరుతో విసురుతోంది. ఎయిర్ ఫ్రయ్యర్ ప్లగ్గు పీకేసి ఉంది. పచ్చి పిజ్జాలు పన్నెండూ పళ్ళెంలో అలాగే ఉన్నాయి. వదిన గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?" అన్నాడు బాబాయి.

"ముందు వేడెక్కాలని బటర్ పేపరు ఒక్కటే వేసి ఆన్ చేశాను మామయ్యగారూ. పైన బరువు పెట్టలేదు. ఫ్యాను గాలికి కాగితం లేచిపోయి పైనున్న కాయిల్‌కి అతుక్కుని కాలిపోయింది. నాకు తెలిసిందే, బేకరీలో పదిమందికి చెప్పినదాన్నే. భయంలో బుర్ర పనిచెయ్యలేదు."

ఆ మాట అలా పూర్తయిందో లేదో, గుమ్మంలో బెల్లు మోగింది. నాలుగు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. కచ్చితమైన మనుషులు ముందే వస్తారని మాకెవరికీ తట్టలేదు.

మేడమ్ లోపలికొచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నలుగురినీ పరికించింది. "నాలుగున్నరకు నేను తిరిగి క్యాంటీన్‌లో ఉండాలి. ఏంటీ పొగ?"

అప్పుడు బాబాయి ఒకడుగు ముందుకేసి, తల గోక్కుని, ఎన్నోసార్లు విన్న ఆ గొంతుతో అన్నాడు:

"మూత నేనే తీశానండీ. మధ్యలో సొరుగు లాగాను. కాగితం లేచిపోయింది. అమ్మాయి తప్పేం లేదు."

నేను నిర్ఘాంతపోయాను. "బాబాయ్, నువ్వు నాతో..." అనబోయాను. ఆయన మడమ నా కాలి బొటనవేలి మీద పడింది. మాట మింగేశాను.

నేను పడిపడి నవ్వుకున్న కథలన్నీ ఆ క్షణంలో తలకిందులయ్యాయి. మనిషి వీధిలో ఉండగా ఇంట్లో మూత ఎలా తీశాడు? మరి సూపు? మరి నా కేకు?

ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. మేడమ్ మొహం ఇంకా ముడుచుకుంది. "అయితే కష్టమండీ. రేపు ఈ వంటంతా ఈ ఇంట్లోనే కదా జరగాలి? మీరిలా రోజూ తీసి చూస్తుంటే అక్కడ జనానికి నేనేం పెట్టను? ఇలాంటి ఇంటికి పని ఇవ్వలేను" అని చేతిసంచీ సర్దుకుంది.

బాబాయి మొహం పాలిపోయింది. నలభై ఏళ్ళుగా ఇంటిల్లిపాదినీ కాపాడిన అబద్ధం మొదటిసారి ఎదురుతిరిగింది. ఆయన నోరు తెరిచాడు. అందులో రెండో అబద్ధం లేదు.

"కాదండీ." వదిన గోడ వదిలి ముందుకొచ్చింది. "ఆయన ఇంట్లోనే లేరు. కాగితం ఒక్కటే పెట్టి వేడి చేసింది నేను. తప్పు నాది."

"అవునండీ, ఈయన నాతో కొట్లో ఉన్నాడు" అన్నాను, కాలు భద్రంగా వెనక్కి లాక్కుని.

మేడమ్ బాబాయిని ఎగాదిగా చూసింది. "మరి మీరెందుకు నేనే అన్నారు?"

పిన్ని పేపరు విసరడం ఆపింది.

"ఆయనకది అలవాటండీ" అంది నెమ్మదిగా. "నేను కాపురానికొచ్చిన కొత్తలో పాలు విరిగిపోయాయి. మా అత్తగారు నోరు తెరవబోతుంటే ఈయన వచ్చి, మూత నేనే తీశానన్నారు. అప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరి వంట చెడ్డా ఈయనే తీశారు. అబద్ధం అతకాలి కదా, అందుకని మామూలు రోజుల్లో కూడా తీస్తూ ఉంటారు."

"అదొక్కటే కాదులేవే" అని గొణిగాడు బాబాయి. "లోపలేముందో చూడాలనీ ఉంటుంది."

మేడమ్ నవ్వలేదు. గడియారం చూసుకుంది. సంచీ మళ్ళీ బల్ల మీద పెట్టింది. "తప్పు తనదని ఒప్పుకునే వంటమనిషి నాకు ఇంతవరకు దొరకలేదు. ఇంకా ముప్పై నిమిషాలుంది. చేసి చూపించండి."

చేయడానికి పిజ్జాలున్నాయి కానీ యంత్రం మసి పట్టి ఉంది. అది చల్లారే వరకు ఒక్కో నిమిషం ఒక్కో యుగంలా గడిచింది. వదిన తడిగుడ్డ పట్టుకుంది కానీ కాయిల్ సందుల్లో కాలిన కాగితం పీలికలు దానికి అందడం లేదు. అప్పుడు బాబాయి గదిలోకి వెళ్ళి, గడియారాల పెట్టెలోంచి సన్న పట్టకారు, కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చాడు. యంత్రాన్ని తలకిందులు చేసి, భూతద్దం కంట్లో బిగించి, ఊపిరి బిగబట్టి ఒక్కో పీలికా ఏరడం మొదలుపెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. వెలుగు కాస్త పక్కకు జరిగితే "కదలకురా, ఇది లేడీస్ వాచీ అనుకో" అన్నాడు. మా ముగ్గురితోపాటు మేడమ్ కూడా మెడ చాచి చూసింది. చివరి పీలిక బయటికొచ్చేసరికి నాలుగూ పదమూడు.

వదిన గుడ్డతో మిగతా మసి తుడిచింది. ఈసారి కాగితం మీద ఆరు పిజ్జాలు బరువుగా పేర్చి లోపలికి తోసింది. నూట ఎనభై డిగ్రీలు, ఏడు నిమిషాలు. యంత్రం గుయ్యిమంటోంది. బాబాయి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక చేత్తో రెండో చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు పడుతున్న బాధ చూడలేకపోయాను.

ఐదో నిమిషానికి వదిన అంది, "దీనికి కిటికీ కూడా లేదు. లోపల ఎలా ఉన్నాయో ఏమో. ఎప్పుడూ ఏడు నిమిషాలే, కానీ ఇందాక ఒకసారి వేడెక్కింది కదా, మాడతాయేమో..."

వదిన బాబాయి వైపు తిరిగింది.

"మామయ్యగారూ, ఒక్కసారి తీసి చూడండి."

"నేనా?"

"నాకు చేతులు ఆడట్లేదు. మీ కన్నైతే కచ్చితం."

ఆ ఇంట్లో ఒకరు అడిగి మూత తీయించుకోవడం అదే మొదటిసారి. బాబాయి చెయ్యి లాల్చీకి తుడుచుకుని, సొరుగు నాలుగు వేళ్ళంత లాగి చూశాడు. "చీజు కరిగింది. అంచులు ఇంకా తెల్లగా ఉన్నాయి. ఒకటిన్నర నిమిషం." సొరుగు మెత్తగా లోపలికి నెట్టి, "చూసి పెట్టేశాను, అంతే" అన్నాడు.

ఒకటిన్నర నిమిషానికి అంచులు బంగారు రంగు తేలాయి. మేడమ్ ఒకటి కొరికింది. నిదానంగా నమిలింది. ఏమీ అనకుండా రెండోది తీసుకుంది. మూడోది కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది.

"బుధవారం నుంచి పంపండి. ముందు క్యాంటీన్‌కి ఒకసారి వచ్చి, బటర్ పేపరు సంగతి మా వాళ్ళకి కూడా చెప్పండి." గుమ్మం దగ్గర ఆగి బాబాయి వైపు తిరిగింది. "మీరు మాత్రం రావద్దు. అక్కడ మూతలు చాలా ఉన్నాయి."

వదిన ఏడుస్తూ నవ్వేసింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం బాబాయి నాతోపాటు కిందికి దిగాడు. మెట్ల మధ్యలో పట్టుకున్నాను.

"బాబాయ్, నా కేకు గుంటపడిన రోజు నువ్వు పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక కదా నీ గడియారాల కొట్టు కట్టేసి వచ్చావు? మూతెప్పుడు తీశావు?"

ఆయన గోడకున్న కరెంటు మీటరు పెట్టె మూత తీసి లోపలికి తొంగిచూశాడు. "నీ మీటరు బాగానే తిరుగుతోందిరా."

"మాట మార్చకు. నెల రోజులు నీతో మాట్లాడలేదు నేను."

"నెల కాదు, ఇరవై ఆరు రోజులు. అయితేనేం? ఆ రోజు అందరూ నిన్ను వెక్కిరిస్తే మళ్ళీ జన్మలో పొయ్యి దగ్గరికి వెళ్ళేవాడివా? ఇప్పుడు నీ కేకులు నేనే కదా తింటున్నాను!" మీటరు పెట్టె మూసేసి పైకి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. చెబితే ఇంకో మూత తీస్తాడని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి కాఫీకి వెళ్ళాను. పిన్ని నాతో మాటల్లో పడి పొయ్యి మీది సంగతి మరిచిపోయింది. పాలు బుసబుసా పొంగి గట్టంతా పారాయి. గరిటె కిందపడి ఖంగుమంది.

"అయ్యో అయ్యో, పాలన్నీ పోయాయి!" అని కేకేసింది పిన్ని.

స్నానాలగదిలో చెంబు చప్పుడు ఆగిపోయింది. మూసిన తలుపు వెనకనుంచి, నోట్లోకి సబ్బు నురగ పోతున్నా లెక్కచెయ్యకుండా, బాబాయి గొంతు వినబడింది.

"మూత నేనే తీశానే!"

"తెలుసు లెండి!" అంది పిన్ని, గట్టు తుడుస్తూ.