వీడియో తీయించనన్నాను

నన్ను క్లాస్ ఇన్‌ఛార్జి పని నుంచి తప్పించి ఏడాది దాటింది. తప్పిస్తే తప్పించారు. స్టాఫ్ రూంలో ఇప్పటికీ కొందరు “మీకెందుకండీ కొరివితో తల గోక్కోవడం” అని జాలి పడుతుంటారు. వాళ్ళ జాలి నాకక్కర్లేదు. ఆ శుక్రవారం మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను. జరిగినదాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు కాబట్టి, చేసినదాన్ని నేనే చెప్పడం మేలనిపించింది.

మాది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనకాల, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న ప్రైవేటు డిగ్రీ కాలేజీ. కింద చెప్పుల షాపు, పక్కన బిర్యానీ పాయింటు, పైన మూడంతస్తులు మేము. నేను బీకాం వాళ్ళకు అకౌంట్స్ చెబుతాను. పిల్లల్లో సగంమంది నల్గొండ ఊళ్ళ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో, బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉంటున్న కుటుంబాల వాళ్ళు. మిగతా వాళ్ళలో ఎక్కువమంది కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ పిల్లలు. ఒకే బెంచీ మీద ‘ఏంది’ అనేవాళ్ళు, ‘ఏంటి’ అనేవాళ్ళు పక్కపక్కనే కూర్చునేవారు. ఆ క్లాసంటే నాకు ఇష్టం.

పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. మాకూ ఆంధ్రకూ పోలింగు ఒకే రోజు. అటువైపు అసెంబ్లీ ఓటు కూడా. ముందు రోజు ఎల్బీనగర్ చౌరస్తా చూడాలి. బ్యాగులు, పసిపిల్లలు, నీళ్ళ సీసాలు, విజయవాడ రోడ్డు మీదికి వచ్చే ప్రతి బస్సు వెనకా పరుగులు. మా క్లాసులో తెనాలి వాళ్ళమ్మాయి ఒకతె బస్సు కిటికీలోంచి ఫోటో తీసి, ‘ఓటేయడానికి మా ఊరికి’ అని క్లాసు గ్రూపులో పెట్టింది. అందరూ బొటనవేళ్ళు ఎత్తారు. అప్పటికి అంతా బాగానే ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు గ్రూపులో ఒకటే సంబరం, ఒకటే వెక్కిరింత. తెనాలి అమ్మాయి బాణాసంచా బొమ్మలు వరసపెట్టి పంపింది. దాని కింద నల్గొండ అమ్మాయి ఒకతె రాసింది: ‘ఈడ తిని, ఈడ సదువుకొని, ఆడ ఓటేసేటోళ్ళు ఆడికే పోవచ్చు గద.’ ఇక చూసుకోండి. మర్నాటికి క్లాసు నిలువునా చీలింది. ఎవరికి వారే యమునా తీరే. ఒకవైపు వాళ్ళు ఆ నల్గొండ పిల్ల కనిపిస్తే ముఖం తిప్పుకునేవారు. రెండోవైపు మగపిల్లలు కొందరు “అక్కా, మస్తు చెప్పినవ్” అని చప్పట్లు కొట్టేవారు. చప్పట్లు కొట్టిన రోజే ఆ పిల్ల ఎక్కువ ఏడ్చింది. తెనాలి అమ్మాయి కాలేజీకి రావడమే మానేసింది. పరీక్షలు నెత్తిమీదికి వస్తున్నాయి.

తెనాలి అమ్మాయి తండ్రి ఆ మెసేజీ పట్టుకుని మా కరస్పాండెంట్ సారు దగ్గరకు వచ్చాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది, కాదనను. కాని మా సారుకు న్యాయంతో పనిలేదు, అడ్మిషన్లతో పని. నన్ను పిలిచి చెప్పాడు.

“మేడమ్, జర అర్థం చేసుకోండ్రి. ఆ నల్గొండ పిల్ల ఫోన్ల ఒక్క నిమిషం సారీ చెప్పాలె. వీడియో తీసి అన్ని గ్రూపులల్ల పెడ్తం, పేరెంట్స్ గ్రూపుల గూడ. కథ కతం. లేకుంటే టీసీ తీస్కొని పొమ్మనుండ్రి.”

ఈ సారీ వీడియోల జబ్బు మన ఊరికి ఎప్పుడు పట్టిందో తెలియదు. ఎవరో ఎవరినో ఏదో అంటారు. నలుగురు పోగై వాళ్ళని గోడకానించి నిలబెట్టి, చేతులు జోడించి చెప్పమంటారు. చూసేవాళ్ళు నవ్వుకుంటారు. దాన్ని క్షమాపణ అంటే నేనొప్పుకోను. అది ఊరేగింపు.

“నేను తీయించను సార్. వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాను.”

“ఇంకా మాట్లాడిస్తరా? మాట్లాడే గద ఇంత లొల్లి అయింది! ఊరుకున్నంత ఉత్తమం లేదు మేడమ్.”

“ఆ సామెతలో రెండోముక్క కూడా ఉంది సార్, బోడిగుండంత సుఖం లేదని. అది కూడా చేయిద్దామా అందరికీ?”

ఆయన నవ్వలేదు. సోమవారం దాకా గడువిచ్చి, ఆ గురువారమే పిల్లల మనశ్శాంతి కోసమని ఒక ట్రైనర్‌ను పిలిపించాడు. పిల్లలందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి, ఆయన సన్నటి సంగీతం పెట్టి “కళ్ళు మూసుకోండి, ఊపిరి పీల్చండి, కోపాన్ని బయటికి వదిలేయండి” అన్నాడు. కోపం ముక్కులోంచి పోయేదైతే మా అత్తగారూ నేనూ ఎప్పుడో స్నేహితులమయ్యేవాళ్ళం. రాజకీయాలు ఎత్తితే టీసీ అని అంతకు ముందే నోరు మూయించారు, ఇప్పుడు కళ్ళు కూడా మూయిస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

హాల్లోంచి బయటికి వస్తుంటే నల్గొండ అమ్మాయి మెట్ల దగ్గర నన్ను ఆపింది. వాళ్ళ నాన్న అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పండ్ల లోడు డీసీఎం వ్యాను నడుపుతాడు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

“మేడమ్, నేనన్నది తప్పే. కని గా వీడియో తీస్తే మా ఊరి గ్రూపులకు వోతది. మా నాయిన చూసిండంటే గా దినమే నా సదువు బందు. సారీ చెప్పనంటలేను. అందరు చూసుడెందుకు మేడమ్?”

“వీడియో ఎవడు తీస్తడో నేను చూస్త. నువ్వు రేపు లాస్ట్ అవర్‌కు రా బిడ్డా” అన్నాను. అనేశాను గాని నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

ఆ సాయంత్రం తెనాలి అమ్మాయికి ఫోన్ చేశాను.

“నాన్నగారు ఆ క్లాసులోకి వెళ్ళొద్దన్నారండి. నాగోల్‌లో వేరే కాలేజీ చూస్తున్నారు.”

“నీకేమనిపిస్తోందమ్మా?”

“నాకు దాన్ని అడగాలనుందండి. ఎందుకలా అన్నావని.”

“అయితే వచ్చి అడుగు.”

శుక్రవారం ఆఖరి పీరియడ్. క్లాసు నిండా ఉంది. తెనాలి అమ్మాయి కిటికీ వైపు, నల్గొండ అమ్మాయి తలుపు వైపు. కూలర్ కింద పెట్టే స్టీలు బకెట్ తెప్పించి ముందు నా ఫోను అందులో వేశాను. ఎవడైనా రికార్డు చేస్తాడన్న భయం ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పరు. గొణుక్కుంటూనే పిల్లలూ వేశారు. బెంచీలు గోడలకు జరిపించి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టాను.

“పార్టీల పేర్లొద్దు. గ్రూపులో రాసింది ఎదురుగా ముఖం చూసి అనగలిగితేనే అనండి. లేదంటే అది మీ మాట కాదనుకుంటాను” అన్నాను.

అందరూ బకెట్ వైపే చూస్తున్నారు. గొప్పగా పిలిచి కూర్చోబెట్టాను, ఇప్పుడేం చేయాలో తెలియలేదు. తోచక ఓ ప్రశ్న అడిగాను.

“సరే, ఓటు ఇక్కడే, ఈ చుట్టుపక్కలే ఉన్నవాళ్ళు చేతులెత్తండి.”

అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. అంతే. మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మరి మీవి?”

“ఊర్లె మేడమ్,” “మా ఊళ్ళోనండి” అని నాలుగు వైపుల నుంచీ వినిపించింది. నా ఓటు కూడా సూర్యాపేట పక్కన మా ఊళ్ళోనే ఉందని చెప్పాను. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉంటున్నాం, మా కాలేజీ ముందు మోరీ పొంగితే ముక్కు మూసుకుని దాటుతున్నాం, దాని గురించి ఓటేసేవాళ్ళు మాలో దాదాపు ఎవరూ లేరు. పిల్లలు ఆ సంగతి అప్పుడే మొదటిసారి చూశారు. నేనూ అప్పుడే చూశాను.

నల్గొండ అమ్మాయి చెయ్యి కూడా లేవలేదు. “నీదెక్కడ?” అన్నాను.

“నకిరేకల్ అవుతల, మా ఊర్లె.”

“ఎట్ల పోయినవ్?”

“ఎల్బీనగర్ల బస్సెక్కి.”

క్లాసంతా గొల్లున నవ్వింది. తెనాలి అమ్మాయి నవ్వలేదు. అన్ని రోజుల తర్వాత నేరుగా ఆ పిల్లను అడిగింది. “ఎప్పుడెక్కావ్?”

“ముందు రోజు పొద్దుగాల. సీటు దొరకలె. నిలబడే పోయిన.”

“మేమూ నిలబడే వెళ్ళాం.”

ఒకే చౌరస్తా, ఒకే రోడ్డు, ఒకే తొక్కిసలాట. ఒకతె మధ్యలో దిగింది, ఒకతె చివరిదాకా పోయింది. ఇక్కడితో ఆగితే చక్కగా ఉండేది. నేను కూడా ‘చూశారా, అందరం ఒకటే’ అని ఉపన్యాసం ఎత్తుకోబోయాను. నల్గొండ అమ్మాయి ఎత్తుకోనివ్వలేదు.

“ఇద్దరిదొకటే అనకుండ్రి మేడమ్. మా ఊరు గీ రాష్ట్రంలనే ఉంది.”

తెనాలి అమ్మాయి లేచి నిలబడింది. “నేను పుట్టింది కొత్తపేటలో. తెనాలి నేను సెలవులకు చూసే ఊరు. అక్కడ నన్ను హైదరాబాద్ పిల్ల అంటారు. ఇక్కడ నువ్వు పొమ్మన్నావు. నేనెక్కడికి పోవాలి?”

నల్గొండ అమ్మాయి నోటి నుంచి చాలాకాలంగా లోపల ఉన్నదే వచ్చింది.

“ఫ్రెషర్స్ డే నాడు మైకు నాకిచ్చి, మల్ల నా చేతులకెల్లి గుంజుకున్నరు. నా భాష బాగలేదని. గా మైకు నీకిచ్చిండ్రు. గప్పుడు నువ్వు నవ్వినవ్.”

“నేను నవ్వలేదు.”

“నవ్వినవ్.”

తెనాలి అమ్మాయి తల దించుకుంది. “నవ్వాను.”

అప్పుడు నల్గొండ అమ్మాయి లేచి, ఆ గుండ్రం మధ్యలోంచి నడిచి, ఆమె ముందుకొచ్చి నిలబడింది. “నిన్ను పొమ్మన్నది తప్పు. సారీ. మల్లెన్నడు అనను. కని నా కోపం తప్పు గాదు.”

“నా కోపం కూడా తప్పు కాదు.”

“కాదు.”

కౌగిలింతలేమీ లేవు. చప్పట్లు కొట్టబోయిన ఒకణ్ణి నేను గుడ్లురిమి ఆపాను. నల్గొండ అమ్మాయి తిరిగి తలుపు వైపు పోలేదు, అక్కడే పక్కన కూర్చుంది. ఆ ఇద్దర్నీ చూస్తుంటే నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నేను నేర్పింది కాదది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కరస్పాండెంట్ సారు వచ్చాడు, వెనకాల తెనాలి అమ్మాయి తండ్రి. కూతురు చెప్పకుండా కాలేజీకి వచ్చిందని తెలిసి ఆయన వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. ఇద్దరమ్మాయిలూ పక్కపక్కన కనబడేసరికి సారు ముఖం వెలిగింది. జేబులోంచి ఫోను తీసి అక్కడికక్కడే ఎత్తి పట్టాడు.

“మంచిగైంది, ఇద్దరు ఈడనే ఉన్నరు. లేమ్మా. చేతులు జోడించి సారీ అని ఒక్కమాట చెప్పు. అయిపోతది.”

నేను అడ్డం లేవబోయాను. అంతలోనే నల్గొండ అమ్మాయి లేచింది. చేతులు జోడించలేదు.

“చెప్పిన సార్. దీనికి ఎదురుంగ చెప్పిన. మీ ఫోనుకు నేనేం తప్పు జెయ్యలె.”

తండ్రి కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి “నాకు చెప్పింది నాన్నా. వీడియో నాకొద్దు. వేరే కాలేజీ కూడా నాకొద్దు” అంది. ఆయన ముఖంలో కోపం పూర్తిగా పోలేదు. అయినా సారు వైపు తిరిగి, “ఇక ఆ ఫోను దించండి సార్. టీసీ లేదు, ఏమీ లేదు” అన్నాడు.

సారు ఫోను దించి నా వైపు చూశాడు. కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపాలి కదా. “మేడమ్, సోమారం నుంచి ఈ క్లాసుకు మీరు ఇన్‌ఛార్జి గాదు.”

“మంచిది సార్. పోయేటప్పుడు తలుపు దగ్గరికేసి పోండి. మాకింకా పావుగంట ఉంది” అన్నాను.