లోపలికి వేసిన ముడి

ముందు చప్పుడు వినిపించేది. నా గది నేల కిందనుంచి, టకటకటకమని, రేకుల మీద వాన పరిగెత్తినట్టు. కాసేపు పరిగెత్తి ఉన్నట్టుండి ఆగిపోయేది. మళ్లీ మొదలయ్యేదాకా నేను చదువుతున్న వాక్యం కూడా సగంలో నిలబడి ఎదురుచూసేది. అంతసేపు ఆపి ఎవరు, ఏం చూస్తుంటారు? నెల రోజులు ఆ ప్రశ్న మీదే నడిచి, చివరికి కర్టెన్ అంచు కుట్టించే వంకతో మెట్లు దిగాను.

మెట్ల కింద ఇరుకు గది. గుమ్మంలోనే కుట్టు మిషన్. దాని వెనక తీగ మీద వేలాడుతున్న బడి బట్టలు, బూడిద రంగువి, నీలం గళ్లవి. తలలు లేని పిల్లలు గాల్లో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నట్టున్నాయి. వాటి మధ్యలోంచి ఒక సన్నటి మనిషి, పెదాల మధ్య గుండుసూదులతో, తల ఎత్తింది.

"పైనుండేది మీరేనా? మీ నడక మరీ మెత్తనండీ. మనిషున్నారో లేరో తెలియక భయమేస్తుంది," అంది, సూదులు జారకుండానే.

వీధంతా ఆమెను సూదక్క అంటారు. పన్నెండేళ్లుగా బడి పిల్లల బట్టలు కుట్టడం, చిరిగినవి బాగుచేయడం ఆమె పని. బళ్ల అసలు పేర్లు ఆమె నోట ఎప్పుడూ వినలేదు. బట్ట రంగును బట్టి బూడిద బడి, గళ్ల బడి, ఆకుపచ్చ బడి. అంతే.

ఆ మొదటి రోజే ఒక బూడిద చొక్కా చేతిని నా ముందు పరిచింది. చేతి చివర మడత, దర్జీల భాషలో కఫ్. దాని అంచు నలిగి, పోగులు లేచి, తడిసి ఆరిన కాగితంలా గట్టిపడి ఉంది.

"ఎలకలా?" అన్నాను.

"పిల్లలండీ. పళ్లు. పరీక్షల నెలలో ఇలాంటివి పాతిక వస్తాయి. కొత్త కఫ్ వేసి పంపిస్తాను. మళ్లీ అదే చొక్కా, అదే చెయ్యి, అదే చోట." వేలితో ఆ అంచును తడిమింది. "ఊళ్లో మొదటి మార్కులన్నీ వీళ్లవే మరి."

మిషన్ ఎందుకు ఆగుతుందో అప్పుడు అర్థమైంది.

సూదక్కకు ఒక్కతే కూతురు. పదేళ్లు. ఏడాది పిల్లప్పుడు చొక్కా గుండీ మింగేసిందట. మూడు రోజులు ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చున్నారట. అప్పటినుంచి పిల్ల పేరు గుండీ అయిపోయింది. "నా భయం అప్పుడే మొదలైందండీ," అంది సూదక్క. "గుండీ బయటికొచ్చింది. భయం రాలేదు."

గుండీ తండ్రి సిటీ బస్సు కండక్టరు. మిగిలిపోయిన టికెట్ ముక్కలు ఇంటికి తెస్తే, ఆ పిల్ల వాటి మీది నంబర్లతో ఆడుకునేది. కూడేది, గుణించేది, దేనితో భాగిస్తే శేషం లేకుండా తెగుతుందో, దేనితో తెగదో చూసేది. ఏ అంకెతోనూ తెగని నంబరు దొరికితే దాన్ని విడిగా ఒక డబ్బాలో దాచేది. "ఇవి మొండివమ్మా," అనేది, పెంపుడు జంతువుల గురించి చెప్పినట్టు.

ఆ ఏడు గుండీ చిన్న బడి అయిపోతోంది. పెద్ద బడి ఎంచుకోవాలి. గళ్ల బడి వీధి చివరే. అక్కడి బట్టలు మోకాళ్ల దగ్గర చిరుగుతాయి, జేబులు రాళ్లూ రప్పలూ మోసి తెగుతాయి. సంతోషంగా ఉన్న పిల్లల చిరుగులు అవి అనేది సూదక్క. కానీ లెక్కల టీచరు అక్కడ ఏడాదికొకరు. ఆ మొండి నంబర్లు డబ్బాలోనే తుప్పు పడతాయి. బూడిద బడిలో వంద సీట్లకు రెండువేల మంది పరీక్ష రాస్తారు. చదువుకు తిరుగులేదు. కఫ్‌లు మాత్రం అలా వస్తాయి.

"చదువు బాగా చెప్పాలండీ. పిల్లని తినెయ్యకూడదు. ఇది అత్యాశా?" అని నన్నడిగింది.

ఇక ఆకుపచ్చ బడి. ఊరికి అవతలి కొసన, నలభై సీట్లే, అదీ పరీక్ష పెట్టే. చదువు బూడిద బడికి తీసిపోదని అంటారు. అదంటేనే సూదక్కకు అన్నిటికన్నా భయం. ఎందుకంటే పన్నెండేళ్లలో ఆ బడినుంచి ఒక్క చిరిగిన గుడ్డ కూడా ఆమె దగ్గరికి రాలేదు.

"చిరగని బట్టలుంటాయా?" అంది. "అంటే అక్కడి పిల్లలు కదలరు. లేకపోతే చిరిగింది చూపించడానికి భయపడతారు. ఏదో ఉందండీ అక్కడ."

చిరుగు కనబడితే చదవగలదు. ఏమీ కనబడకపోతే అదంతా చీకటే ఆమెకు.

గుండీ రెండు పరీక్షలూ నెగ్గింది. రెండు ఉత్తరాలూ ఒకే వారం వచ్చాయి. బూడిద బడి వాళ్లు శనివారం పన్నెండు గంటల్లోపు వచ్చి సంతకం పెట్టమన్నారు, దాటితే సీటు వెనకవాళ్లకు పోతుంది. ఆకుపచ్చ బడి వాళ్లు అదే శనివారం పదింటికి పిల్లతో, తల్లిదండ్రులతో మాట్లాడతామన్నారు. పిలిచింది ఎనభై మందిని.

"ఇందులో ఆలోచించడానికేముంది?" కండక్టరు గొంతు మెట్లమీదికి వినబడేది. "నా బస్సులో బూడిద చొక్కా ఎక్కితే జనం జరిగి చోటిస్తారే! చేతిలో ఉన్న సీటు వదిలి ఎక్కడికే?"

"కఫ్‌లు చూశారా మీరు?"

"పొద్దస్తమానం కఫ్ కఫ్ అంటావు. వినేవాళ్లు దగ్గుమందు తెచ్చిస్తారు."

గుండీ నవ్వింది. సూదక్క నవ్వలేదు. ఆ వారమంతా మిషన్ పరిగెత్తింది తక్కువ, ఆగింది ఎక్కువ. ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టేసింది. అది ఎత్తి పట్టుకుని చూసుకుంటూ, "ఈ పిల్లాడు ఏ చేత్తో రాస్తాడో పాపం," అంది.

చివరికి మొగుడి మాటే నెగ్గింది. కాదు, భయం అటు ఒరిగింది. తెలియని చీకటికన్నా తెలిసిన పళ్లగాట్లే నయమనుకుంది.

శనివారం పొద్దున సూదక్క గుండీ తెల్లచొక్కాకు ఇస్త్రీ చేస్తోంది. ఎడమ కఫ్ మీద ఇస్త్రీపెట్టె ఒకచోట తట్టుకుంది. నూక గింజంత ఎత్తు. తిప్పి చూసింది. అంచు వెంట తెల్లదారంతో వంకరటింకర కుట్లు. ముడి లోపలికి. ఒక కుట్టు విప్పింది. కింద పోగులు లేచి, గట్టిపడి, నలిగిన అంచు. ఊళ్లో ఎవరి కఫ్ చూపించినా చదివి చెప్పే మనిషి, ఇంట్లో తీగ మీద రోజూ ఆరే ఈ చేతిని ఎన్నాళ్లనుంచి చదవలేదో ఆమెకే తెలియదు.

పొగ వాసన వచ్చేసరికి ఇస్త్రీపెట్టె ఎత్తింది. మిగతా చొక్కాలు ఇంకా తడిగానే ఉన్నాయి. దాన్నే పిల్లకు తొడిగింది. గుండీ తల్లి మొహంలోకి చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది.

"మనం ఆకుపచ్చ బడికి వెళ్తున్నాం," అంది సూదక్క.

"పిచ్చి గాని పట్టిందా?" అన్నాడు కండక్టరు. "పన్నెండు దాటితే అదీ పోతుంది, ఇదీ రాదు. నడిరోడ్డు మీద నిలబెడతావే పిల్లని!"

ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఎందుకు అటు వెళ్లాలనిపించిందో తనకే తెలియదని తర్వాత నాతో అంది. కొరికే పిల్లని కొరికించే చోటికి చేతులారా తీసుకెళ్లలేకపోయిందంతే. బస్సులో నలుగురు నిలబడే చోట ముగ్గురూ తలో దిక్కు చూస్తూ నిలబడ్డారు. డ్రైవరు వాళ్లకు తెలిసినవాడే. పలకరిస్తే కండక్టరు అద్దంలోకి చూసి తల మాత్రం ఆడించాడు.

ఆకుపచ్చ బడి నడవాలో పొడుగాటి బల్ల. దాని చుట్టూ పిల్లలు తలలు వంచుకుని ఉన్నారు. ఒకమ్మాయి గౌను అంచు కుట్టుకుంటోంది. ఒకబ్బాయి గొడుగు ఊచకు తీగ చుడుతున్నాడు. పక్కనే మరో అమ్మాయి ఎర్రసిరా దిద్దిన లెక్కల కాగితం ముందేసుకుని పెన్సిలు కదుపుతోంది.

"శనివారం మొదటి గంట బాగుచేత," అంది వాళ్లను లోపలికి తీసుకెళ్తున్న ఆయా. "వారమంతా చిరిగిందీ, విరిగిందీ, తప్పిందీ అన్నీ ఇక్కడికే తెచ్చుకుంటారు. మార్కులేం ఉండవులెండి."

సూదక్క కాళ్లు ఆగిపోయాయి, మిషన్ మీద ఆగినట్టే. పన్నెండేళ్లు తన దగ్గరికి రాని చిరుగులన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి.

పెద్ద టీచరమ్మ గుండీతో అంకెల గురించి చాలాసేపు మాట్లాడింది. మొండి నంబర్ల దాకా వచ్చారు. ఇద్దరూ ఒక టికెట్ ముక్క మీద తలలు ఆనించి ఏదో తేల్చుకున్నారు. కండక్టరు ఛాతీ కాస్త ముందుకొచ్చింది. అప్పుడు టీచరమ్మ తల్లివైపు తిరిగింది.

"మీ అమ్మాయి గురించి మాకు ముందే తెలియాల్సింది ఏమైనా ఉందామ్మా?"

గోడ మీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. బయట ఇంకా ముప్పై మంది తల్లులు కూర్చుని ఉన్నారు. ఏమీ లేదనడానికి రెండు మాటలు చాలు. బెదిరే పిల్లని చెబితే నలభైలో చోటెవరిస్తారు? కండక్టరు ఆమె కాలు మెల్లగా తొక్కాడు.

సూదక్క గుండీ చెయ్యి పట్టుకుని, కఫ్ తిరగేసి, బల్ల మీద పెట్టింది.

"కొరుకుతుందండీ. నాకూ ఇవాళే తెలిసింది."

టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఆ కుట్లను చూసింది. "ఎవరు కుట్టారమ్మా ఇది?"

"నేనే," అంది గుండీ.

"ముడి లోపలికి వేశావే! ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. అమ్మ చూస్తే భయపడుతుందని లోపలికి వేశాను."

టీచరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసిందో కనబడలేదు. "ఉత్తరం వస్తుంది," అంది అంతే. వాళ్లు గేటు దాటేసరికి పన్నెండుంపావు.

తర్వాత పదకొండు రోజులు. కండక్టరు ఇంట్లో మాట్లాడడం మానేశాడు. ఒకసారి మాత్రం, "రెండు బస్సులూ పోగొట్టి స్టాపులో కూర్చోబెట్టావు," అన్నాడట. మిషన్ చప్పుడు ఆగితే ఇంక మొదలయ్యేది కాదు. నేను పైన నేలకు చెవి ఆనించినంత పని చేసేదాన్ని. పోస్టుమాన్ సైకిలు బెల్లు మోగితే కిందనుంచి స్టూలు పడ్డ చప్పుడు. ఏ బడీ దొరకని పిల్లకు గళ్ల బడి ఉండనే ఉందని వీధిలోవాళ్లు ఓదార్చేవాళ్లు. ఆమె ఆ ఓదార్పుకే బెదిరిపోయేది. పిల్ల కఫ్‌ని రోజూ చాటుగా చూసేది. అలా చూడడం పిల్ల కూడా చాటుగా చూసేది.

పన్నెండో రోజు ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. వెంట తెచ్చుకోవాల్సిన వస్తువుల జాబితాలో చివరిది: సూది, దారం.

"అయ్యో, అది మనింట్లో ఎక్కడ దొరుకుతుందే? కొనుక్కోవాలేమో," అన్నాడు కండక్టరు. అన్ని రోజుల్లో అతను మామూలుగా మాట్లాడిన మొదటి మాట అదే. సూదక్క అప్పుడు ఏడ్చింది. సంతోషమేమో అనుకున్నాను. "కాదండీ," అంది, "ఇప్పుడిక నిజంగా పంపించాలి కదా."

బళ్లు తెరిచిన రెండు నెలలకు నేను ఆ గది ఖాళీ చేశాను. సామానంతా బండికెత్తాక చెప్పిపోదామని కిందికి దిగాను. తీగ మీద బూడిద చొక్కాలు ఎప్పటిలాగే తమ వంతు కోసం వేలాడుతున్నాయి. సాయంత్రం నాలుగు కావస్తోంది, బడి వదిలే వేళ. సూదక్క పాదం పెడల్ మీద నిలిచిపోయి ఉంది, కళ్లు వీధి మలుపు మీద.

"కఫ్‌లు ఎలా ఉన్నాయి?" అన్నాను, తేలిగ్గానే.

పెదాల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"ఇక చూడనని దానికి మాటిచ్చానండీ. చూడట్లేదు కూడా. కానీ ఉతికేటప్పుడు చేతికి తెలుస్తుంది కదా. ఇప్పటిదాకా ఏమీ తగల్లేదు."