మెల్లగా వచ్చే బిగువు

అమెరికాలోని మోరిస్‌విల్‌లో చర్మసంరక్షణ చేసే ఇంద్రజ, ఎవరొచ్చినా ముందుగా వారి చెంపను రెండు వేళ్ళతో పట్టి వదిలి, అది యథాస్థితికి ఎంత తాపీగా చేరుతుందో చూస్తుంది. సడలిన చర్మానికి బిగువు నెలల మీద గాని రాదని చెబుతుంది. ఆ చెప్పడంలో ఓదార్పు ఉండదు, ఊరింపూ ఉండదు. ఆమె వద్దకు వచ్చేవారిలో సగంమంది హైమవతి పంపినవారే. ఆ హైమవతే ఒక బుధవారం వచ్చి, శనివారం తమ గృహప్రవేశమనీ, ముఖానికి మందు పూసి గట్టి కెమికల్ పీల్ చేయాలనీ పట్టుబట్టింది.

“పైపొర ఊడుతుంది ఆంటీ. ఆ పచ్చి చర్మంతో హోమం ముందు కూర్చుంటే మచ్చలు పడతాయి.”

“నేను కూర్చోకపోతే మా ఆయన పక్కన నువ్వు కూర్చుంటావా? చెయ్యనంటే చెప్పు, వేరేచోట బుక్ చేసుకుంటా. మావాళ్ళనీ అక్కడికే రమ్మంటా.”

“మీ ఇష్టం. ఈ వారం నేను మసాజ్ ఒక్కటే చేస్తాను.”

“మరి ఫొటోల్లో?”

“అరవయ్యేళ్ళ ఆవిడే కనిపిస్తారు.”

హైమవతి బ్యాగు భుజాన వేసుకుని తలుపుదాకా వెళ్ళింది. ఇంద్రజ ఆపలేదు, తువాళ్ళు మడతపెడుతూ ఉండిపోయింది. కాసేపటికి హైమవతి వెనక్కి వచ్చి కుర్చీలో వాలింది.

“అరవై నాలుగు,” అంది, కళ్ళు మూసుకుని.