కొత్త తోలు మీద పాత తేలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తారని బైబిలు వాక్యంలో నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మాది ఆళ్లగడ్డ. చిన్నప్పుడు మా అవ్వ, అంటే నాయన తల్లి, నా ముంజేతికి తేలు పచ్చబొట్టు పొడిపించింది. నేను ఏడ్చి చెయ్యి లాగడంతో తేలు కొండి రెండుగా చీలింది. తర్వాత నాయన బాప్తిస్మం తీసుకుని బోధకుడయ్యాడు. ఒంటి మీద అలాంటి గుర్తు వాక్యానికి విరుద్ధమని, నల్లజీడి రసం పూసి దాన్ని కాల్చేశాడు.

అవ్వ గడపలో కూర్చుని చూసింది. "కాల్చుకోప్పా. మళ్లా వచ్చేదీ ఆ పిల్ల తోలే గదా" అంది.

"నోరు మూసుకోమ్మా, ప్రార్థన చేస్తాండా" అన్నాడు నాయన.

తేలు పోయి తెల్లటి మచ్చ మిగిలింది.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో నా కాలికి పుండు లేచింది. ఏళ్లు గడిచినా మానలేదు. చర్చిలో నా చాప మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. పిల్లలు ముక్కు మూసుకుంటే తల్లులు వాళ్ల చేతులు లాగేవాళ్లు. అది నాకు మరీ సిగ్గు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు నా తొడ మీది తోలునే చిన్న ముక్కలుగా తీసి పుండు మీద పెడతానన్నాడు. "వరినారు నాటినట్టేమ్మా. నీ తోలే పాకి పుండును మూస్తుంది. అంటుకోకపోతే మోకాలి కింద కాలు తీసేయాల్సిందే."

అంటుకుంది. కట్లు విప్పాక ఒకరోజు నర్సు పుండు మానిన చోట దూదితో తుడుస్తూ ఆగిపోయింది.

"ఏందక్కా ఇది? తోలు తీసిన తొడ మీద పచ్చబొట్టు ఉండెనా?"

లేదు. తోలు తీసేముందు అక్కడ స్పిరిట్ పూసింది ఆమే. డాక్టరు వంగి చూశాడు. లేత తోలు మీద పచ్చగా తేలు. కొండి రెండుగా చీలి ఉంది. అప్పటికి అవ్వ పోయి చాలా కాలమైంది.

ఆదివారం చర్చిలో, కాలు మానిందని సాక్ష్యం చెప్పడానికి నన్ను నిలబెట్టారు. "కాలు చూపించమ్మా, చూసి స్తోత్రం చెప్తారు" అన్నాడు నాయన, కళ్లు తుడుచుకుంటూ. నేను చీర అంచు మడమ దాకా లాక్కున్నాను.

"ఆడమనిషి కాలేం చూపిస్తాదిలే అయ్యగారూ" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. తర్వాత పాట ఎత్తుకున్నారు.

నాయనకు చివరిదాకా చూపించలేదు. ఆ గుర్తు తీసేయమని ప్రభువును అడగడానికి మోకరిస్తాను. అడగలేను. అది పోతే పుండు తిరిగి వస్తుందేమోనని భయం. ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను నడుస్తున్నది మాత్రం ఆ కాలితోనే.