నాలుగు నెలల పది రోజులు

నిన్న మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కితే, ముందు సీట్లో కూర్చున్న ముసలాయన చెవి మడతలో అత్తరు దూది కనిపించింది. బస్సు కదిలి కిటికీలోంచి గాలి కొట్టగానే ఆ వాసన నా దాకా వచ్చింది. చదువుతున్న పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. గిద్దలూరు వచ్చేదాకా మళ్ళీ తెరవలేదు. దస్తగిరి మామ పోయి మూడేళ్ళయింది.

ఆయన గిద్దలూరులో మా పక్కింటి టైలరు. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. కాపురం అనే మాట ఊళ్ళో ఎవరూ వాడలేదు, నేను వాడుతున్నాను. ఆయనతో పాటు తిరుపాలు ఉండేవాడు. కొమరోలు దగ్గరి పల్లె నుంచి కాజాలు కుట్టే పనికి వచ్చి ఇరవై ఆరేళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. శుక్రవారం మామ నమాజుకు వెళ్తే తిరుపాలు దుకాణం చూసుకునేవాడు. శనివారం తిరుపాలు ఒక్కపొద్దుంటే మామ ఇంట్లో మాంసం వండేవాడు కాదు. జనం వాళ్ళను దోస్తులనేవారు. ఎవరూ అంతకు మించి అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నా సంగతి మాత్రం నేను చెప్పకుండానే ఆయనకు తెలుసు. అమ్మ నాకు ఒక సంబంధం ఖాయం చేసింది. కాలేజీ స్నేహితురాలు పద్మ తప్ప నా మనసులో ఎవరూ లేరని అమ్మకు చెప్పే దారి నాకు తెలియలేదు. నిశ్చితార్థం జాకెట్టు కుట్టమని ఇస్తే మామ ఆది జాకెట్టు పోయిందన్నాడు. ఇంకొకటి ఇస్తే మిషను పాడైందన్నాడు. అమ్మ గోడ మీదుగా ఆయన్ని బాగా తిట్టింది. దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆయన నాతో మెల్లగా అన్నాడు: "టైలరు ఆలస్యం చేస్తే ఎవురికీ అనుమానం రాదమ్మా. ఇంకో వారం లాగుతా. ఆలోగా నీ నోటితో నువ్వు చెప్పుకో."

పెళ్ళి వద్దని చెప్పుకున్నాను. కారణం చెప్పలేదు. ఇంట్లో ఏడాది పాటు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. పెళ్ళి మాత్రం ఆగింది.

తిరుపాలు గుండెనొప్పితో పోయాడు. తమ్ముడు ఓబులేసు వచ్చి శవాన్ని ఊరికి తీసుకుపోయాడు. మామ వెంట వెళ్ళి, దహనం అయ్యాక సాయంత్రం బస్సుకు ఒక్కడే తిరిగి వచ్చాడు. మరునాటి నుంచి ఇల్లు కదలలేదు. శుక్రవారం నమాజుకు మాత్రం పోయి తలవంచుకుని వచ్చేవాడు. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులనేవాడు.

పదకొండో రోజు జరిగిన పెద్దదినానికి కూడా ఆయన పోలేదు. మర్నాడు ఓబులేసు వచ్చాడు. కుట్టడానికిచ్చిన బట్టలు తీసుకోవడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. కూర్చోమంటే అతను కూర్చోలేదు.

"ఏంది దస్తగిరన్నా, మా అన్న ఇన్నేండ్లు నీ చేతికూడు తిన్నాడే. పెద్దదినానికి అర్ధగంట బస్సెక్కి రాలేకపోయినావా? నీ కోసరం విస్తరేసి పెట్టుకోని కూర్చున్నాం. మా ఇంట్లో తినేదానికి నీకు మతం అడ్డమొచ్చిందా?"

"మోకాళ్ళు, ఓబులేసూ."

"మోకాళ్ళంట" అని అతను మెట్లు దిగిపోయాడు.

నాకు విషయం అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. మామ చెవిలో దూది లేదు. కంటికి సుర్మా లేదు. వెలిసిపోయిన రెండు తెల్ల చొక్కాలే మార్చి మార్చి వేసుకుంటున్నాడు. అత్తరు సీసా గుడ్డలో చుట్టి పై అరలో పెట్టి ఉంది. అంతకు రెండేళ్ళ ముందు నాయన పోయినప్పుడు అమ్మ తన సీసాను అలాగే చుట్టి పెట్టింది. మాలో భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా, అలంకారం లేకుండా ఇద్దత్ పాటిస్తుంది. మగవాళ్ళకు అది లేదు.

ఇద్దత్‌లో ఉన్న ఆడవాళ్ళను అడిగినట్టే అడిగాను. "ఎన్ని రోజులైంది మామా?"

ఆయన మిషను ఆపలేదు. "అరవై రెండు."

కుట్టు చివరికి వచ్చాక దారం తెంపి అన్నాడు: "మగోనికి లేదని నాకూ తెలుసు షమీమా. మా అమ్మ చేసింది, మా అక్క చేసింది. మనిషి పోతే ఎట్ల ఉండాల్నో నాకు తెలిసింది అదొకటే."

ఓబులేసుకు నేను వెళ్ళి చెబుతానన్నాను. చేయని తప్పుకు మాట పడటం ఎందుకన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. దినాలకు రాలేదని చుట్టాల మీదనే గదా అలిగేది. పరాయోడు రాకపోతే ఎవురడుగుతారు? అలగనీ."

గడువు తీరిన మర్నాడు ఆయన సీసా దించి, చెవిలో దూది పెట్టుకుని కొమరోలు పోయివచ్చాడు. ఎలా చూశారని అడిగాను. "నీళ్ళిచ్చినారు. మాట్లాడలే" అన్నాడు. కొంచెం నవ్వాడు కూడా.

తిరుపాలు పోయిన మూడేళ్ళకు మామ కూడా పోయాడు. ఆయన జనాజా మా ఇంటి ముందు నుంచే పోయింది. ఆడవాళ్ళం గుమ్మాల్లో నిలబడ్డాం. ఓబులేసుకు కబురు పంపింది నేనే. వీధి చివరిదాకా చూశాను, అతను రాలేదు. నాకు అతని మీద కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు. భర్త కాని మనిషి కోసం మూడు రోజులకు మించి దుఃఖం పాటించకూడదంటారు. నేను మూడు రోజులు పాటించి నాలుగో రోజు బడికి పోయాను.

ఇప్పుడు నేనూ పద్మా మార్కాపురంలో ఒక చిన్న ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. ఇంటివాళ్ళకు మేం ఇద్దరు టీచర్లం. తను ముందు పోతే ఏం చేస్తావని పద్మ ఒకసారి అడిగింది. సీసా గుడ్డలో చుట్టి పై అరలో పెడతానన్నాను. ఇంకొకటి ఆమెకు చెప్పలేదు. ఆ పదకొండో రోజు వాళ్ళ ఊళ్ళో నా కోసం విస్తరి వేసి, రాలేదని నా మీద అలిగే మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండును.