తెల్ల కోళ్ల నీలవేణి అక్క

నిన్న పొద్దున మా గుమ్మంలో నిలబడ్డ గౌరయ్య పాదాలకి వరి ఊక అంటుకుని ఉంది.

గౌరయ్య మా మేనత్త ఇంటి పాలేరు. వాళ్లది పాతపట్నం పక్క ఊరు. ఫస్ట్ బస్సుకి వచ్చాడు. మంచినీళ్లు కూడా అడగలేదు.

"కోడలమ్మ పోనాదమ్మా," అన్నాడు.

ఏ కోడలమ్మ అని అడిగాను.
అత్తకి ఉన్నది ఒక్క కోడలే. అయినా అడిగాను.

మా బావ భార్య, నీలవేణి అక్క. తొమ్మిది రోజుల జ్వరం.

కాన్వెంటులో నాతో చదివిన మీ అందరికీ ఇది రాస్తున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదని మీకు తెలుసు. చదివి ఒకరి నుంచి ఒకరికి పంపండి.

మీరు ఆవిడని చూశారు. ఒకసారి హాస్టల్‌కి బుట్టెడు గుడ్లు తెచ్చింది. "పొదగేసీకండమ్మా, పిల్లలవ్వవు. మా షెడ్డులో పుంజు లేదు," అని సిస్టర్‌తో చెప్పింది. సిస్టర్ ముఖం ఎర్రబడింది. మనం డైనింగ్ హాల్లో తలలు వంచుకుని నవ్వాం.

ఆవిడే.

రెండేళ్ల కిందట బ్లాక్ ఆఫీసు వాళ్లు వైట్ లెగ్‌హార్న్ కోడిపిల్లలు ఇచ్చినప్పుడు సంతకం బావ పెట్టాడు. పెంచింది అక్క. షెడ్డు నేల మీద అరడుగు ఊక పరిచి, రోజూ తిరగేసి, తడవకుండా చూసుకునేది. దాన్ని డీప్ లిట్టర్ అంటారు. ఆఫీసు వాళ్లిచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. సెలవులకి వెళ్లినప్పుడు నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని.

గుడ్లు పెట్టే కోడిని ఎలా గుర్తించాలో ఒక పేజీ ఉంది. తోక కింద రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. నేను ఆ వాక్యం పూర్తి చేసేలోపే అక్క నాలుగు కోళ్లని పట్టుకుని చూసి వదిలేసింది.

"పుస్తకం ఇప్పుడు సెప్తన్నాది. నా వేళ్లు ఎప్పుడో సెప్పినాయి," అంది.

కోడి లోపల ఏముంటుందో నాకు చూపించింది కూడా ఆవిడే. కందనకాయలో ఇసుక రాళ్లు. దానికి పళ్లు లేవు కాబట్టి అవే పళ్లట. వెన్ను కింద పచ్చసొనలు వరసగా, పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది. "ఇది రేపటి గుడ్డు. ఇది ఎల్లుండిది," అని వేలితో లెక్కపెట్టింది. మన సైన్సు టీచరు బోర్డు మీద ఎన్ని బొమ్మలు వేసినా నాకు అంత బాగా అర్థం కాలేదు.

బయటి తెగులు లోపలికి రాకుండా షెడ్డు గుమ్మంలో సున్నం పోసి, ఎవరొచ్చినా అందులో కాళ్లు పెట్టి లోపలికి రమ్మనేది. చుట్టాలకి కోపం వచ్చేది. "కోళ్ల సాలకి మడేటే?" అనేది అత్త.

మొన్న వేసవిలో అమ్మవారి పండగకి మొక్కు కోడిపుంజుని సంతలో కొన్నారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. పండగ ఇంకా మూడు రోజులుంది. పిల్లి ఎత్తుకుపోతుందని దాన్ని షెడ్డులో కట్టమంది అత్త. బయటి కోడి వద్దని, పెరట్లో గంప కింద ఉంచుదామని అక్క అంది.

"నీ తెల్ల కోళ్లకి మేడ, అమ్మోరి కోడికి గంపా?" అంది అత్త.

బావ పుంజుని తీసుకెళ్లి షెడ్డులో కట్టాడు. కోళ్లకి టీకా తెమ్మని అక్క అంతకుముందే రెండుసార్లు అడిగింది. పండగ అయ్యాక చూద్దామన్నాడు.

పండగ అయింది. వారం తిరక్కుండానే తెల్ల కోళ్లు మెడలు మెలితిప్పుకుని పడిపోయాయి. ఆకుపచ్చటి రెట్టలు. రోజూ పొద్దున గౌరయ్య తట్టలతో మోసుకెళ్లి పాతిపెట్టేవాడు.

అక్క చచ్చిన కోడినొకదాన్ని పెరట్లో అరిటాకు మీద కోసింది. కందనకాయకి పైన ఉండే చిన్న పొట్టని విప్పి, లోపల ఎర్ర చుక్కలు చూపించింది. ఇది కొక్కెర తెగులని, సంత కోడి తెచ్చిందని చెప్పింది.

అత్త నావైపు తిరిగింది. "కాన్వెంటులో సదివినావు కదే. ఆ పుస్తకంలో అలగే ఉన్నాదేటి?"

అలాగే ఉంది. రక్తపు చుక్కల సంగతీ ఉంది. బయటి కోడిని మందలో కలపొద్దనీ ఉంది.

అందరూ నన్నే చూస్తున్నారు. బావ కూడా.

ఆ ఇంగ్లీషు నాకు అర్థం కాలేదన్నాను.

అంతే. పండగ నెలలో కోడి కడుపు కోసినందుకే అమ్మవారికి కోపం వచ్చిందని తేల్చారు. కోడిని కోసింది కోళ్లు చచ్చాకే అని అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు, తట్టినా అనలేదు. షెడ్డు తాళం అక్క దగ్గర్నించి తీసుకున్నారు.

ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ అక్క నన్ను అడిగింది. "నిజంగా అరదం అవలేదేటి పిల్లా?"

నేను కుండలోంచి ఇంకో చెంబు నీళ్లు తీసి ఆవిడ చేతుల మీద పోశాను.

తర్వాత జ్వరం. అది కూడా అమ్మవారి కోపమేనన్నారు. మంగళవారం మొక్కు తీరాక ఆస్పత్రికి తీసుకెళ్దామన్నారు. మంగళవారం రేపు.

నాన్న, నేను నిన్న మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. వచ్చినవాళ్లంతా మంచి మనిషి అంటున్నారు. పనిమంతురాలు అంటున్నారు. పెద్దల మాట వినేది కాదు, అదొక్కటే, అని కూడా అన్నారు. నేను అప్పుడు కూడా మాట్లాడలేదు.

అక్కా, నువ్వు చెప్పింది నిజం. పుస్తకంలో ఉంది. పదిమందిలో చెప్పాల్సింది, ఇలా రాస్తున్నాను.

వెళ్లిరా. నీ మాటకి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేని చోట హాయిగా పడుకో.

నిన్న సాయంత్రం, శ్మశానం నుంచి వచ్చినవాళ్ల తలలు ఇంకా ఆరకముందే, బావకి నన్నిమ్మని అత్త మా నాన్నని అడిగింది. ఆలోచించి చెబుతానన్నారు నాన్న.