బాదం చెట్టెక్కిన రోజు

రెండేళ్ల క్రితం సంగతి. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ పెరట్లోని బాదం చెట్టు కొట్టెయ్యడానికి మేస్త్రీ, ఇద్దరు పనివాళ్లు రంపంతో వచ్చారు. వేర్లు గోడను పగలగొడుతున్నాయట. మావారు వర్క్‌షాపులో డ్యూటీలో ఉన్నారు. కాయలింకా పచ్చివి. యాభై రెండేళ్ల నేను కుచ్చిళ్లు దోపుకుని చెట్టెక్కేశాను.

"దిగిపోండమ్మా, పడిపోతారు" అన్నాడు మేస్త్రీ.

"కాయలు పండి రాలేదాకా దిగను. ఏటి సేస్తావో సేసుకో బాబూ."

గంటసేపు చూసి, రాలాకే వస్తామని రంపం సర్దుకున్నారు. నాకు దిగడం రాదని అప్పుడు తెలిసింది. కొమ్మలు కొట్టడానికి తెచ్చిన నిచ్చెనతోనే మేస్త్రీ నన్ను దించాడు. వీధంతా చూసింది.

రాలిన కాయలు ఎండబెట్టి, పాత రైలుపట్టా ముక్క మీద నిలబెట్టి కొట్టాను. మొదటి గుప్పెడు పప్పు ఆ మేస్త్రీకే ఇచ్చాను. వాళ్లింకా రాలేదు, చెట్టింకా ఉంది. రంపంతో మళ్లీ వస్తే మళ్లీ ఎక్కుతాను. ఈమధ్య దిగడం కూడా నేర్చుకున్నాను.